సేఫ్టీ బూట్లతో నడిపేటప్పుడు గేరు లీవరు, బ్రేకు పెడల్ ఎంత ఎత్తులో ఉండాలి?

మధురవాడ రైడర్:

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలోని మధురవాడలో ఉంటాను. మూడు నెలల క్రితం స్టీల్‌ప్లాంటులో ఒక కాంట్రాక్టరు దగ్గర పనిలో చేరాను. రోజూ హనుమంతవాక, మద్దిలపాలెం, ఎన్‌ఏడీ, గాజువాక మీదుగా కూర్మన్నపాలెం దాకా, పోనూ రానూ కలిపి 60 కిలోమీటర్లకు పైగా, నా 150 సీసీ బండి మీదే తిరుగుతున్నాను. బండి ఏడేళ్లది. గేరు లీవరు ఇంజను షాఫ్టుకు నేరుగా కాకుండా ఒక చిన్న లింకు రాడ్డుతో కలిసి ఉంటుంది. మడమతో నొక్కే వెనక భాగం దానికి లేదు, అన్ని గేర్లూ కాలివేళ్లతోనే వేయాలి. వెనక బ్రేకు డ్రమ్ముది. కంపెనీ పేరు రాస్తే చర్చ మొత్తం అటే పోతుందని రాయడం లేదు.

కాన్వాసు బూట్లతో నడిపినన్నాళ్లూ ఈ బండి మీద నాకు ఏ ఇబ్బందీ కలగలేదు. ఇప్పుడు వేళ్ల దగ్గర ఉక్కు కప్పు ఉన్న, చీలమండ దాటి పైకి వచ్చే సేఫ్టీ బూట్లు ఇంటి దగ్గరే తొడుక్కుని బయలుదేరాల్సి వస్తోంది. ఆ కప్పు గేరు లీవరు కిందకు సరిగా దూరడం లేదు. రెండో గేరు వేయాలంటే పాదాన్ని పక్కకు తిప్పి, వెనక్కి లాగి, మళ్లీ ముందుకు తోయాలి. మద్దిలపాలెం సిగ్నలు దగ్గర వెనక బస్సు హారను కొడుతూ ఉండగా ఒకటో గేరు నుంచి రెండుకు పోకుండా బండి మధ్యలో న్యూట్రల్‌లో ఆగిపోవడం వారంలో రెండు మూడుసార్లు జరుగుతోంది.

కుడి కాలి బాధ వేరు. గాజువాక చేరేసరికి ముంగాలి ఎముక పక్కన కండరం పట్టేసినట్టు నొప్పి మొదలవుతుంది. పెడల్ మీద బరువు పడకుండా పాదాన్ని పైకి ఎత్తి పట్టుకోవడం వల్లనే ఇది వస్తోందని నా అనుమానం. దారిలో ఒక వర్క్‌షాపులో పెడల్‌ను కొంచెం కిందకు దించమని అడిగాను. వారు వెనక చక్రం దగ్గర బ్రేకు రాడ్డు చివరి నట్టును నాలుగైదు చుట్లు వదులు చేసి ఇచ్చారు. పెడల్ ఎత్తు వెంట్రుకవాసి కూడా మారలేదు, బ్రేకు మాత్రం బాగా లోతుకు తొక్కితే తప్ప పట్టడం మానేసింది. ఆ ఆదివారం ఇంట్లో వాళ్లను వెనక కూర్చోబెట్టుకుని సింహాచలం కొండ దిగుతున్నప్పుడు ఆ సంగతి తెలిసి గుండె జారిపోయింది. ఇంటికి వచ్చాక నేనే ఆ నట్టును బిగించాను. ఇప్పుడు బ్రేకు త్వరగానే పడుతోంది, కానీ ఎన్‌ఏడీ దాటేసరికి డ్రమ్ము మీద చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది.

బండి మార్చే స్తోమత ఇప్పుడు లేదు. ఉన్న బండినే నా కాళ్లకు తగినట్టు సరిచేసుకోవడానికి ఏది ముందు, ఏది తరువాత చేయాలో తెలిసినవారు వివరంగా చెబితే రుణపడి ఉంటాను. పానాల సెట్టు ఇంట్లో ఉంది, పని చేయడానికి ఓపిక కూడా ఉంది.

గాజువాక గ్యారేజీ:

మధురవాడ గారికి నమస్కారం. ఇరవై రెండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. ప్లాంటు డ్యూటీ వాళ్ల బండ్లు నా దగ్గరకు ఎక్కువగా వస్తాయి కాబట్టి మీ బాధ నాకు కొత్త కాదు. అన్నిటికంటే ముందు ఒక మాట. డ్రమ్ము అంతగా వేడెక్కుతున్న బండిని రేపు డ్యూటీకి తీసుకువెళ్లకండి. వెనక నట్టును ఈ రాత్రే కొంచెం వదులు చేసి, డబల్ స్టాండు వేసి, న్యూట్రల్‌లో వెనక చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. చైను బరువుకు తప్ప మరి దేనికీ పట్టకుండా చక్రం తిరగాలి. డ్రమ్ము లోపలి గోడకు ఒత్తుకుని చక్రాన్ని ఆపే బ్రేకు షూలు నిరంతరం రాసుకుంటూ ఉంటే లైనింగు గాజులా నునుపెక్కి, తీరా అవసరమైన చోట బ్రేకు జారుతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. బ్రేకు పెడల్‌కు రెండు వేర్వేరు సర్దుబాట్లు ఉంటాయి. ఆ రెంటినీ కలిపేయడం వల్లనే మీకు ఇంత ఇబ్బంది వచ్చింది. కాలు పెట్టనప్పుడు పెడల్ ఎంత ఎత్తులో నిలబడాలో నిర్ణయించేది స్టాపర్ బోల్టు. ఫుట్‌రెస్టు వెనక, పెడల్ ఇరుసు దగ్గర ఒక చిన్న బోల్టు, దాని మీద లాక్ నట్టు కనిపిస్తాయి. కొన్ని బండ్లలో అది పెడల్‌కే ఉంటుంది, కొన్నిటిలో ఫ్రేముకు ఉంటుంది. రిటర్ను స్ప్రింగు పెడల్‌ను లాగి ఆ బోల్టుకు ఆనించి ఉంచుతుంది. వెనక చక్రం దగ్గరి నట్టు ఆ ఎత్తును మార్చలేదు. పెడల్‌ను ఎంత లోతుకు తొక్కితే షూలు డ్రమ్ముకు తగులుతాయో, అంటే మేము ప్లే అనేదాన్ని, అది మారుస్తుంది. మీరు ఎత్తు తగ్గించమన్నారు, వారు ప్లే పెంచారు. మీరు ప్లే మొత్తం తీసేశారు. ఎత్తు మాత్రం మొదటి రోజున ఎక్కడ ఉందో ఇప్పటికీ అక్కడే ఉంది.

కాబట్టి ముందుగా వెనక నట్టును పూర్తిగా ఊడదీయకుండా ఆరేడు చుట్లు వదులు చేయండి. ఈ పని మరిచిపోయి స్టాపర్‌తో పెడల్‌ను దించితే, పెడల్ దిగిన మేరకు బ్రేకు తొక్కినట్టే అయి, చక్రం మళ్లీ పట్టేస్తుంది. తరువాత స్టాపర్ లాక్ నట్టును వదిలించి, బోల్టును అర చుట్టు చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ బండి మీద కూర్చుని చూసుకోండి. ఎంత దించాలన్నది మీ చీలమండ చెబుతుంది. పాదాన్ని ఫుట్‌రెస్టు మీద సహజంగా వదిలేస్తే బూటు అడుగు పెడల్ మీద ఆని ఆననట్టు ఉండాలి, బ్రేకు లైటు వెలగకూడదు. ఎత్తు కుదిరాక లాక్ నట్టు బిగించి, అప్పుడు వెనక నట్టుకు వెళ్లండి. పెడల్ కొన దగ్గర 20 నుంచి 30 మిల్లీమీటర్ల ప్లే చాలా డ్రమ్ము బండ్లకు సరిపోతుంది. మీ బండి పుస్తకంలో అంకె ఉంటే దాన్నే పాటించండి. ఆ నట్టు లోపలి ముఖం నెలవంకలా వంపు తిరిగి ఉంటుంది, ఆ వంపు బ్రేకు చేతిలోని, అంటే రాడ్డు లాగే ఇనుప ఆర్మ్‌లోని, గుండ్రటి పిన్ను మీద కూర్చోవాలి. వంపు కూర్చోకుండా అడ్డంగా వదిలేస్తే, బండి పది కిలోమీటర్లు తిరిగేసరికి అదే కూర్చుని మీరు పెట్టిన ప్లే మారిపోతుంది. అందుకే బిగించాక పెడల్‌ను నాలుగైదుసార్లు గట్టిగా తొక్కి మళ్లీ కొలవాలి.

చివరిది బ్రేకు లైటు స్విచ్చి. పెడల్ దిగితే దానికి కట్టిన చిన్న స్ప్రింగు కూడా లాగబడుతుంది కనుక లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. వెనక లారీ డ్రైవరుకు మీరు ఎప్పుడు బ్రేకు వేస్తున్నారో తెలియకుండా హైవే మీద తిరగడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. స్విచ్చి ఒంటిని చేత్తో కదలకుండా పట్టుకుని దాని ప్లాస్టిక్ నట్టును మాత్రమే తిప్పండి, స్విచ్చినే తిప్పితే లోపల వైర్లు మెలిపడి తెగుతాయి. షూలు డ్రమ్మును తాకడానికి కొద్దిగా ముందే లైటు వెలిగేలా చూసుకోండి.

గేరు లీవరు పని దీనికంటే తేలిక. లింకు రాడ్డు రెండు చివర్లలోనూ లాక్ నట్లు ఉంటాయి. వాటిలో ఒకటి సాధారణంగా రివర్సు మర, మామూలు దిశకు ఎదురుగా తిప్పితే గానీ వదలదు. అది తెలియక బలం పెట్టి నట్టు మూలలు అరగదీసినవాళ్లను చాలామందిని చూశాను. రెండు నట్లూ వదిలాక మధ్య రాడ్డును వేళ్లతో తిప్పితే లీవరు పైకో కిందకో కదులుతుంది. ఎటు తిప్పితే ఎటు పోతుందన్నది బండిని బట్టి మారుతుంది కాబట్టి, ముందు రాడ్డు మీద పెయింటుతో ఒక గీత పెట్టుకుని అర చుట్టు తిప్పి చూడండి. ఒక గాడికీ పక్క గాడికీ మధ్య ఒక మిల్లీమీటరు దూరం ఉన్న మర అయితే, రెండు చివర్లూ ఎదురెదురు మరలు కావడం వల్ల, ఒక పూర్తి చుట్టుకు రాడ్డు పొడవు 2 మిల్లీమీటర్లు మారుతుంది. లీవరు కొన దగ్గర అంతకు రెండు మూడు రెట్లు కదలిక కనిపిస్తుంది. రాడ్డు మరీ బయటకు వచ్చి రెండు మూడు మరల మీదే వేలాడే స్థితి రానివ్వకండి. లింకు రాడ్డుకూ, ఇంజను షాఫ్టు మీద బిగించి ఉండే చిన్న ఇనుప చేతికీ (ఆర్మ్) మధ్య కోణం లంబకోణానికి దగ్గరగా ఉండాలి. అది దాటి ఎటు పోయినా గేరు బరువెక్కుతుంది. అంతకంటే ఎక్కువ ఎత్తు కావాలంటే రాడ్డుతో కాకుండా, షాఫ్టు మీది చేతిని తీసి, షాఫ్టు చుట్టూ ఉన్న పళ్లలో ఒక పన్ను జరిపి పెట్టి, తరువాత రాడ్డుతో సరిచేసుకోవాలి.

బిగించేటప్పుడు రాడ్డు చివర్ల బాల్ జాయింట్లు రెండూ ఒకే వాలులో ఉండేలా పట్టుకోండి, లేకపోతే లీవరు పైకి పోయేటప్పుడు జాయింటు ఒరుసుకుంటుంది. డబల్ స్టాండు మీద చక్రాన్ని చేత్తో తిప్పుతూ అన్ని గేర్లూ వేసి దించి చూసి, లీవరు అడుగున ఇంజను కేసుకు గానీ సైడ్ స్టాండుకు గానీ తగలడం లేదని నిర్ధారించుకున్నాకే రోడ్డెక్కండి.

ఎంవీపీ కాలనీ రైడర్:

గ్యారేజీ వారు చెప్పినదంతా సరైనదే. అయితే పానా పట్టుకునే ముందు మీరు స్కేలు పట్టుకోవాలని నా అభిప్రాయం. నేను పదకొండేళ్లుగా బండి నడుపుతున్నాను. నా పాదం చిన్నది, ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. బండ్లన్నీ నాకంటే పెద్ద పాదాలను దృష్టిలో పెట్టుకుని తయారు చేసినవే కాబట్టి, ప్రతి బండినీ నా కాళ్లకు సర్దుకోవడం నాకు అలవాటైన పని.

మీ ఎడమ కాలి సమస్య, కుడి కాలి సమస్య ఒకే బూటు వల్ల వచ్చినా, వాటి కారణాలు ఒకటి కావు. గేరు వేయడానికి లీవరును బూటు పైభాగంతో ఎత్తుతాం. అంటే బూటు అడుగు నుంచి వేళ్ల కప్పు పై వరకు ఉన్న మందం మొత్తం ఫుట్‌రెస్టుకూ లీవరుకూ మధ్య ఖాళీలో పట్టాలి. బ్రేకును మాత్రం బూటు అడుగుతో తొక్కుతాం. ఫుట్‌రెస్టు మీద ఆనేదీ ఆ అడుగే కాబట్టి అడుగు ఎంత మందమైనా పెడల్ ఎత్తు లెక్క మారదు. అక్కడ ఇబ్బంది పెట్టేది బూటు బిరుసుతనం. చీలమండ దాటి బిగుతుగా కట్టిన బూటులో పాదం పైకి వంగదు, అడుగు కూడా వంగదు. కాన్వాసు బూటులో మీకు తెలియకుండానే పాదాన్ని కొద్దిగా పైకి మడిచి పెట్టుకునేవారు. ఇప్పుడు ఆ మడత కోసం ముంగాలి కండరం బూటుతో పోరాడుతోంది. ఎడమ వైపు కొలవాల్సింది బూటు మందం, కుడి వైపు చూసుకోవాల్సింది చీలమండ ఎంత వంగుతుందన్నది. ఈ రెండింటినీ విడదీసి చూస్తే ఎంత తిప్పాలో మీకే తెలుస్తుంది.

కొలవడం సులువు. సేఫ్టీ బూటును గచ్చు మీద పెట్టి, కప్పు మీద ఒక అట్టముక్క అడ్డంగా ఆనించి, గచ్చు నుంచి అట్ట వరకు స్కేలుతో చూడండి. కాన్వాసు బూటుకూ అలాగే చూడండి. ఆ రెండు అంకెల మధ్య తేడాయే లీవరు పైకి పోవాల్సిన గరిష్ఠ దూరం. అందులో మూడింట రెండు వంతులు మాత్రమే ముందు పెంచమని చెబుతాను, ఎందుకంటే లీవరు మరీ పైకి పోతే గేరు దించేటప్పుడు మడమను ఫుట్‌రెస్టు నుంచి లేపాల్సి వస్తుంది. అనంతగిరి ఘాట్‌లో మలుపు మలుపుకూ గేరు దించుతూ పోయిన రోజున ఆ బాధ ఏమిటో నాకు బాగా తెలిసింది. అరకు చేరేసరికి ఎడమ పిక్క రాయిలా గట్టిపడింది.

మీరు ఫుట్‌రెస్టు మీద పాదాన్ని ఎక్కడ ఆనిస్తున్నారో కూడా గమనించండి. సేఫ్టీ బూటుకు మడమ దగ్గర మెట్టులాంటి ఎత్తు ఉంటుంది. ఆ మెట్టు ఫుట్‌రెస్టుకు తగిలి ఆగితే పాదం ఒకే చోట నిలుస్తుంది, వేళ్లు లీవరు కిందకు ఎంతవరకు పోతాయన్నది కూడా దాంతోనే తేలిపోతుంది. నా విషయంలో వేళ్లు లీవరు దాకా అందేవి కావు. ఎత్తు ఎంత మార్చినా ఆ కొరత తీరలేదు. చివరకు వేళ్లు ఆనే రబ్బరు ముక్కను వెనక్కి జరపడానికి వీలున్న లీవరు వేయించుకున్నాను. మీకు ఆ అవసరం రాదనుకుంటాను.

ఇంకొక సంగతి, ఇది నా మనసుకు బాగా కష్టం కలిగించేది. బూటు మందంగా ఉండి లీవరు కింద ఇరుక్కుపోతే, మీకు తెలియకుండానే బూటు లీవరును ఎప్పుడూ కొద్దిగా పైకి నెడుతూ ఉంటుంది. ఆ ఒత్తిడి గేరుబాక్సులో గేర్లను జరిపే ఫోర్కు మీద పడి, నడిచినంతసేపూ దాన్ని అరగదీస్తుంది. ఒకటికీ రెండుకూ మధ్య బండి న్యూట్రల్‌లో పడటానికి కారణం లీవరు పూర్తి దూరం కదలకపోవడం. సగం పడిన గేరు పళ్ల అంచులను కొట్టుకుంటుంది. కాబట్టి దీన్ని కాలి నొప్పి విషయంగా మాత్రమే తీసుకుని ఓర్చుకుంటూ నెలలు గడపవద్దని కోరుతున్నాను.

రుషికొండ నుంచి:

చర్చ చాలా ఉపయోగకరంగా ఉంది. నా బండికి వెనక కూడా డిస్కు బ్రేకే. పెడల్ నాకూ ఎత్తుగానే ఉంది. పైన చెప్పిన స్టాపర్, వెనక నట్టు పద్ధతి దీనికి కూడా వర్తిస్తుందా?

గాజువాక గ్యారేజీ:

వర్తించదండీ. దయచేసి అలా చేయకండి. డిస్కు బండిలో పెడల్ ఒక చిన్న పుష్‌రాడ్డు ద్వారా బ్రేకుకు ఆయిలును ఒత్తిడితో పంపే మాస్టర్ సిలిండరులోని పిస్టనును తోస్తుంది. ఎక్కువ బండ్లలో ఆ పుష్‌రాడ్డుకు మర, లాక్ నట్టు ఉంటాయి. రాడ్డు పొడవును మార్చితే పెడల్ ఎత్తు మారుతుంది. ఇక్కడ ఒక్క విషయం ప్రాణంతో సమానం. పెడల్ వదిలినప్పుడు పిస్టను పూర్తిగా వెనక్కి రావాలి. అలా వస్తేనే ఆయిలు తిరిగి డబ్బాలోకి పోయే చిన్న రంధ్రం తెరుచుకుంటుంది. పెడల్‌ను దించే తొందరలో రాడ్డు పిస్టనును కొద్దిగా నొక్కి పెట్టి ఉంచేలా చేస్తే ఆ రంధ్రం మూసుకుపోతుంది. బండి నడిచేకొద్దీ ఆయిలు వేడికి వ్యాకోచించి, పోవడానికి దారి లేక, ప్యాడ్లను డిస్కుకు అదుముతుంది. అది ఇంకా వేడెక్కి చివరకు మీరు పెడల్ మీద కాలు పెట్టకుండానే చక్రం బిగుసుకుపోతుంది.

కనుక సర్దుబాటు చేశాక పెడల్‌ను చేత్తో మెల్లగా నొక్కి చూడండి. రాడ్డు పిస్టనును తాకకముందు ఒకటి రెండు మిల్లీమీటర్ల ఖాళీ కదలిక వేలికి తెలియాలి. తెలియకపోతే బండిని బయటకు తీయవద్దు. ఈ పనిలో చేయి తిరగనివారు బాగా తెలిసిన మెకానిక్కు దగ్గరే చేయించుకోవడం మంచిది. డ్రమ్ము బండి అయితే ఇంట్లో నేర్చుకోవచ్చు గానీ, డిస్కుతో ప్రయోగాలు వద్దు.

భీమిలి పాత బండి:

మన ఊరికి సంబంధించిన ఒక విషయం ఎవరూ ప్రస్తావించలేదు కనుక రాస్తున్నాను. సముద్రపు గాలిలో ఏడేళ్లు తిరిగిన బండి నట్లు పుస్తకంలో చెప్పినంత సులువుగా వదలవు. నాది భీమిలి. ఇంటి నుంచి నడిచి పది నిమిషాల్లో సముద్రం. స్టాపర్ బోల్టు, బ్రేకు రాడ్డు చివర మర, లింకు రాడ్డు లాక్ నట్లు, ఇవన్నీ చక్రం చిమ్మే నీళ్లూ ఉప్పు గాలీ కలిసి తగిలే చోట్లలోనే ఉంటాయి. మీరు పని మొదలుపెట్టే ముందు రోజు రాత్రే వైరు బ్రష్షుతో మరలను శుభ్రంగా గీకి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, తెల్లారే వరకు నాననివ్వండి. డ్రమ్ము దగ్గర మాత్రం స్ప్రే లోపలికి చిందకుండా గుడ్డ అడ్డం పెట్టండి, షూలకు నూనె అంటితే వాటిని మార్చడం తప్ప దారి లేదు.

షాఫ్టు మీది చేతిని తీయాల్సి వస్తే దాని బోల్టును వదులు చేస్తే చాలదు, పూర్తిగా బయటకు తీయాలి. ఆ బోల్టు షాఫ్టు మీది గాడిలోంచి అడ్డంగా పోతుంది కాబట్టి, అది కొంచెం ఉన్నా చేయి బయటకు రాదు. ఈ సంగతి తెలియక నేను ఒకసారి సుత్తితో కొట్టాను. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చినట్టయింది. ఆ దెబ్బలకు షాఫ్టు దగ్గరి ఆయిలు సీలు పాడై, నెల రోజులు ఇంజను ఆయిలు కారి, చివరకు సీలు మార్పించాల్సి వచ్చింది. బోల్టు తీసేశాక ఆ చేతికి ఉన్న చీలికలో వెడల్పాటి స్క్రూడ్రైవరు పెట్టి కొద్దిగా తెరిస్తే చేయి దానంతట అదే జారుతుంది. తీసే ముందు చీలికకు ఎదురుగా షాఫ్టు మీద ఒక చుక్క పెట్టుకోండి. తిరిగి బిగించేటప్పుడు పళ్లకు పలచగా గ్రీజు రాస్తే మరోసారి తీయడానికి ఇబ్బంది ఉండదు. బోల్టు సరిగా బిగియకుండా నడిపితే పళ్లు అరిగి, లీవరు ఊరికే తిరుగుతుంది, గేరు పడదు.

బ్రేకు పెడల్ ఇరుసును కూడా ఈ పనిలోనే ఒకసారి బయటకు తీసి, పాత గ్రీజు తుడిచి, కొత్తది పెట్టండి. నా బండికి పెడల్ ఎత్తు సర్దుబాటే సరిగా లేదని ఆరు నెలలు అనుకున్నాను. తీరా చూస్తే ఇరుసులో తుప్పు పట్టి, తొక్కిన పెడల్ పూర్తిగా పైకి రాక, ఒక్కో రోజు ఒక్కో ఎత్తులో ఆగుతోంది.

మధురవాడ రైడర్:

అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. గ్యారేజీ గారు చెప్పినట్టు ఆ రాత్రే వెనక నట్టు వదిలించాను, రెండు రోజులు బస్సులో డ్యూటీకి వెళ్లాను. శనివారం రాత్రి స్ప్రే కొట్టి ఉంచి, ఆదివారం ఉదయం మేడ కింద కూర్చుని పని మొదలుపెట్టాను. ముందుగా బూట్లు కొలిచాను. సేఫ్టీ బూటు 58 మిల్లీమీటర్లు, కాన్వాసు బూటు 43 మిల్లీమీటర్లు వచ్చాయి. అంటే 15 మిల్లీమీటర్ల తేడా. ఎంవీపీ గారు చెప్పిన లెక్క ప్రకారం లీవరును 10 మిల్లీమీటర్లు పెంచాలని నిర్ణయించుకున్నాను. లింకు రాడ్డుకు వెనక వైపు నట్టే రివర్సు మర అని తేలింది. రాడ్డు ఒకటిన్నర చుట్లు తిరిగేసరికి, లీవరు కొన నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో గోడ మీద పెన్సిలుతో పెట్టుకున్న గీతకు 10 మిల్లీమీటర్లు పైకి చేరింది. షాఫ్టు మీది చేతిని కదిలించాల్సిన అవసరం రాలేదు.

కుడి వైపు పనికి ఎక్కువ సమయం పట్టింది. భీమిలి గారి మాట మీద పెడల్ ఇరుసును తీసి చూస్తే లోపల గ్రీజు బదులు ఎర్రటి పొడి రాలింది. శుభ్రం చేసి గ్రీజు పెట్టాక పెడల్ టక్కున వెనక్కి రావడం మొదలైంది. స్టాపర్‌ను అర చుట్టు చొప్పున తిప్పుతూ, బూట్లు తొడుక్కుని బండి ఎక్కుతూ దిగుతూ, చివరకు పెడల్‌ను 8 మిల్లీమీటర్లు దించాను. కొన దగ్గర ప్లే 25 మిల్లీమీటర్లు పెట్టాను. లైటు ఆరలేదు, స్విచ్చి నట్టు మూడు చుట్లు తిప్పాక ఆరింది. లైటు వెలిగే క్షణం సరిగా ఉందో లేదో మా అబ్బాయిని వెనక నిలబెట్టి చూపించుకున్నాను.

సోమవారం నుంచి శనివారం వరకు ఆరు రోజులు నడిపాను. ఎన్‌ఏడీ దాటి బండి ఆపి డ్రమ్ము మీద అరచెయ్యి ఆనిస్తే గోరువెచ్చగా తగిలింది, అంతే. ముంగాలి నొప్పి మూడో రోజుకు పోయింది. ఒకటి నుంచి రెండుకు గేరు ఒక్కసారి కూడా తప్పలేదు.

ఒక్క సందేహం మిగిలింది. ఆదివారం కాన్వాసు బూట్లతో నడిపితే గేరు దించడానికి మడమ కొద్దిగా లేపాల్సి వస్తోంది. వారానికి ఒక రోజు కోసం లీవరును మళ్లీ కదిలించాలా?

ఎంవీపీ కాలనీ రైడర్:

కదిలించకండి. ఆరు రోజులు వేసుకునే బూటుకే బండిని ఉంచండి. ఆదివారం ఇబ్బంది ఎక్కువగా అనిపిస్తే రాడ్డును పావు చుట్టు మాత్రం వెనక్కి తిప్పి, సేఫ్టీ బూటుతో రెండో గేరు అప్పటికీ తడబడకుండా పడుతోందో లేదో మీ వీధిలోనే పది సార్లు వేసి చూసుకోండి. పడితే అలాగే ఉంచండి, పడకపోతే ఇప్పుడున్న గీతకే తిరిగి తెచ్చేయండి. లాక్ నట్లను వారం తరువాత ఒకసారి, నెల తరువాత ఒకసారి పానాతో తాకి చూడండి. ఆ మధ్యలో చైను బిగించి వెనక చక్రాన్ని జరిపితే బ్రేకు ప్లే కూడా మారుతుంది కనుక, ఆ రోజున పెడల్ దగ్గర 25 మిల్లీమీటర్లు ఉన్నాయో లేదో మళ్లీ కొలవండి.